లారీ మీద ఇల్లు ఎందుకు పగులుతుంది?

మేడారం నుంచి తిరిగి వస్తూ పస్రా దారిలో టీ పెట్టుకుందామని బండిని పక్కకు దించాం. ముందు ఎడమ చక్రం ఒక మట్టి దిబ్బ ఎక్కి ఆగింది. మా బావ వెనక డబ్బా తలుపు తీయబోతే రాలేదు. గడియ తిరుగుతోంది, తలుపు మాత్రం పై మూలలో చౌకట్టుకు పట్టేసింది. ఇద్దరం కలిసి గుంజినా కదల్లేదు. బండిని రెండు గజాలు ముందుకు జరిపి సాపు నేల మీద పెట్టాక అదే తలుపు వేలితో నెడితే తెరుచుకుంది.

"వానకు ఉబ్బినట్టుంది" అన్నాడు బావ. చెక్క తలుపైతే నేనూ ఒప్పుకునేవాణ్ని. అది ఫైబర్ తలుపు.

వేలంలో కొన్న పాత ఫోర్ బై ఫోర్ లారీ అది. దాని వెనక పడక, వంటగట్టు, నీళ్ల ట్యాంకు ఉన్న ఒక గదిని ఎక్కించుకున్నాడు. అడవి దారుల్లో తిరిగే ఇల్లన్నమాట. హన్మకొండ చేరాక టార్చి పట్టుకొని కిందికి దూరాను. డబ్బాను చాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్లలో ముందు కుడివైపుది పగిలింది. వెల్డింగ్ అతుకు చివర మొదలైన వెంట్రుకంత పగులు బెత్తెడు దూరం పాకింది. దాని పక్క బోల్టు చూడ్డానికి గట్టిగానే ఉంది కానీ, వాషర్ చుట్టూ ఇటుక పొడి లాంటి ఎర్రటి ధూళి పేరుకుంది. ఆ ధూళి మామూలు తుప్పు కాదు. రెండు ఇనుప ముఖాలు కంటికి కనపడనంత కొద్దిగా, వేల సార్లు, ఒకదాని మీద ఒకటి రుద్దుకుంటే రాలే పొడి. అంటే పట్టు ఎప్పుడో జారిపోయింది, మేమే ఆలస్యంగా చూశాం.

ఆటోనగర్‌లో మేస్త్రీ ఒక్క చూపులో తేల్చేశాడు. "ఇంకో పట్టీ ఏసి మంచిగ ఎల్డింగ్ గొడ్దాం తమ్మీ, ఇగ జన్మల కదలది."

ఆయన అన్నది నిజమే, అక్కడ ఇక కదలదు. దాని పక్కన పగులుతుంది. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఒక్క మాటే. డబ్బా మౌంట్లను, అంటే డబ్బాను చాసిస్‌కు పట్టి ఉంచే అమరికలను, బలపరచడం అంటే ఇనుము మందం పెంచడమని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. మౌంటు ఎందుకు పగిలిందో చూడకుండా మందం పెంచితే, చవగ్గా పోయే బ్రాకెట్టును కాపాడి, లక్షలు పోసి చేయించిన డబ్బాకో చాసిస్‌కో ఆ పగులును అప్పగించినట్టు అవుతుంది.

చాసిస్ సంగతి ముందు చూద్దాం. లారీ చాసిస్ ఒక నిచ్చెన. రెండు పొడవాటి సి ఆకారపు ఛానళ్లు, వాటి మధ్య అడ్డ మెంబర్లు. నిలువు బరువుకు ఇది గట్టిగా నిలబడుతుంది, మెలి తిప్పితే మాత్రం తిరుగుతుంది. ఇంట్లోనే చూడొచ్చు. చెప్పుల డబ్బా మూత తీసి, రెండు చివరలా పట్టుకొని, తడి తువ్వాల పిండినట్టు మెలి తిప్పండి. సులువుగా తిరుగుతుంది. ఇప్పుడు మూత పెట్టి చుట్టూ టేపు వేసి తిప్పి చూడండి, మొండికేస్తుంది. అట్ట అదే, మందం అదే. అన్నివైపులా మూసుకున్న పెట్టె మెలికి లొంగదు, తెరిచి ఉన్నది లొంగుతుంది. సి ఛానళ్ల చాసిస్ మూత లేని డబ్బా అయితే, పైన ఎక్కించిన గది టేపు వేసిన డబ్బా.

చాసిస్ అలా తిరగడం లోపం కాదు, కావాలని అలాగే చేస్తారు. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు చక్రాలూ ఆనాలంటే కమాన్ కట్టలు (ఇరుసు మీది ఆకు స్ప్రింగులు) ఒక్కటే చాలవు, మిగతాది చాసిస్ తిరిగి ఇస్తుంది. వాకిట్లో నులక మంచం వేస్తే నేల ఎలా ఉన్నా నాలుగు కోళ్లూ ఆనడం, అదే చోట ఇనుప బీరువా పెడితే కింద అట్టముక్క దూర్చాల్సి రావడం అందరికీ తెలిసిందే. మన బండి సంగతేమిటంటే, నులక మంచం మీద బీరువాను నిలబెట్టి, నాలుగు మూలలా మంచానికి బోల్టులు బిగించాం. ఇప్పుడు మంచం వంకరైతే బీరువా కూడా వంకర కావాలి. అది కాదు కాబట్టి ఏదో ఒకటి చిరగాలి.

అన్ని లారీలూ ఒకటి కాదు. మెర్సిడెస్ వాళ్ల యూనిమాగ్ లారీ చాసిస్ బాగా మెలితిరిగేలా తయారైంది కాబట్టి దాని మీద గదిని తిరిగే మౌంట్ల మీదే కూర్చోబెడతారు. జర్మన్ సైన్యం వాడిన మాన్ క్యాట్ లారీకి గట్టి పెట్టె లాంటి చాసిస్ ఉంటుంది, అది పెద్దగా తిరగదు. చెక్ దేశపు టాట్రా లారీకైతే నడుం మధ్యలో లావుపాటి గొట్టమే వెన్నెముక. మన సైన్యం కోసం బీఈఎంఎల్ తయారు చేసిన టాట్రాలదీ ఆ గొట్టమే. యూట్యూబ్‌లో ఎవరో క్యాట్ మీద డబ్బాను ఎలా బిగించారో చూసి మన సి ఛానల్ లారీ మీద అలాగే బిగిస్తే పనికిరాదనడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

మెలి ఎంత ఉంటుందో అంకెల్లో చూస్తేనే నమ్మకం కలుగుతుంది. డబ్బా ముందు కొసకూ వెనక కొసకూ మధ్య చాసిస్ 5 డిగ్రీలు తిరిగిందనుకుందాం. రెండు ఛానళ్ల మధ్య దూరం దాదాపు 80 సెంటీమీటర్లు. ఆ వెడల్పులో 5 డిగ్రీలంటే ఒక ఛానల్ రెండోదానికన్నా 7 సెంటీమీటర్లు పైకి లేచినట్టు. డబ్బా వెడల్పు 2 మీటర్లయితే దాని అంచుల దగ్గర తేడా 17 సెంటీమీటర్లు దాటుతుంది. జానెడు కన్నా కొంచెం తక్కువ. డబ్బా గోడలు రెండు ఫైబర్ పొరల మధ్య నురుగు నింపి అతికించినవి. అవి జానెడు మెలిని మింగలేవు. అందుకే ముందు తలుపు చౌకట్టు వంకరపోతుంది, తర్వాత కిటికీ మూలల్లో గీతలు పడతాయి, ఆ తర్వాత మూల అతుకులు విడి వాన నీళ్లు లోపలికి దిగుతాయి. మా తలుపు పట్టేయడం ఆ వరసలో మొదటి మెట్టు.

మేస్త్రీకి ఈ లెక్క చెబితే కాసేపు ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు. "అట్లయితే నడుమ రబ్బర్ ఏద్దాం. మన రామప్ప గుడి కింద ఇసుక లేదా, గట్లనే." వరంగల్ వాళ్లం ఏ మాట మొదలుపెట్టినా రామప్ప దగ్గర తేలకుండా ఉండలేం. 1213 నాటి ఆ గుడి పునాదిలో ఇసుక నింపి కుదుపులు తట్టుకునేలా కట్టారన్నది నిజమే. అయితే గుడి ఉన్నచోటే ఉంటుంది, ఇసుక లక్షణంగా పనిచేస్తుంది. మాకు కావాల్సింది 7 సెంటీమీటర్ల కదలిక. పది మిల్లీమీటర్ల రబ్బరు బిళ్ల గట్టిగా నొక్కితే మూడు నాలుగు మిల్లీమీటర్లు ఇస్తుంది. రబ్బరు వణుకునూ చప్పుడునూ తగ్గిస్తుందే తప్ప మెలిని మింగదు.

ఇక్కడిదాకా చదివినవాళ్లు "అయితే వదులుగా పెడితే సరి" అనుకుంటారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఎనుమాముల మార్కెట్ దారిలో కాంటా ఎక్కించి బండిని తూచాం. డబ్బా ఎక్కించక ముందు తూచిన చీటీ బావ దగ్గర ఉంది కాబట్టి, తీసివేత చేస్తే డబ్బా, సామాను, నీళ్లు కలిపి 2,500 కిలోలకు కొంచెం తక్కువ తేలింది. లెక్క సులువుగా ఉండటానికి 2,500 అనే అనుకుందాం. దాని బరువు కేంద్రం మౌంట్లకు మీటరు పైన ఉంది. బండి 20 డిగ్రీలు పక్కకు వాలిన దారిలో పోతుంటే డబ్బాను కిందివైపుకు లాగే బలం 855 కిలోలు. ఆ బలం మీటరు ఎత్తున పనిచేస్తూ డబ్బాను దొర్లించాలని చూస్తుంది. ఛానళ్ల మధ్య 80 సెంటీమీటర్లే ఉన్నాయి కాబట్టి, ఎగువ వైపు ఛానల్ మీద సుమారు 1,070 కిలోల బరువు తగ్గి, దిగువ వైపు అంతే పెరుగుతుంది. ఆ వాలులో ఈ దొర్లుడు లేకుంటే ఒక్కో ఛానల్ మీద పడేది 1,175 కిలోలు. అంటే ఎగువ వైపు మిగిలింది నూరు కిలోల చిల్లర. ఒక్క గుంత తగిలితే చాలు, ఆ వైపు డబ్బా గాల్లోకి లేస్తుంది. దాన్ని పట్టుకునేది మౌంటు ఒక్కటే. బ్రేకు వేసినప్పుడు భూమ్యాకర్షణలో 0.6 వంతు వేగం తగ్గుదల వస్తే 1,500 కిలోల బలం డబ్బాను క్యాబిన్ మీదికి తోస్తుంది.

కాబట్టి ముందుకూ పక్కకూ పోకుండా, పైకి లేవకుండా గట్టిగా పట్టుకోవాలి. మెలి ఒక్కదాన్ని మాత్రం వదిలేయాలి. ఏ దిక్కులో బిగించాలో ఏ దిక్కులో వదలాలో తేల్చడమే ఈ పని మొత్తం. వెల్డింగ్ మెషిన్ తర్వాత.

దీనికి లోకంలో మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మూడింటికీ డబ్బా కింద దానికంటూ ఒక గట్టి సబ్‌ఫ్రేమ్, అంటే ఇనుప చట్రం, ఉండాలి. డబ్బా ఆ సబ్‌ఫ్రేమ్‌కు అతుక్కొని ఉంటుంది, సబ్‌ఫ్రేమ్‌కూ చాసిస్‌కూ మధ్యే బేరం.

మొదటిది మూడు కాళ్ల పద్ధతి. జాతరలో ఎక్కడ చూసినా మూడు రాళ్ల పొయ్యిలే. నేల ఎంత వంకరగా ఉన్నా మూడు రాళ్ల మీద గిన్నె ఊగదు, నాలుగో రాయి పెడితే ఊగుతుంది. అలాగే వెనక రెండు మౌంట్లు, ముందు మధ్యలో తిరిగే ఇరుసు ఒకటి పెడితే చాసిస్ ఎంత తిరిగినా డబ్బాకు తెలియదు. అయితే ఇందాక లెక్కవేసిన దొర్లించే బలం మొత్తాన్నీ ఆ రెండు మౌంట్లే మోయాలి, ముందున్నది తిరిగిపోతుంది కాబట్టి సాయం రాదు. రెండోది వజ్రం ఆకారం. ముందు మధ్యలో ఒకటి, వెనక మధ్యలో ఒకటి తిరిగేవి, నడుం దగ్గర రెండు పక్కలా రెండు. చాసిస్ ఎటు తిరిగినా నడుం దగ్గర సగమే తిరుగుతుంది కాబట్టి డబ్బా సగటున నిలబడుతుంది. బాగా పనిచేస్తుంది, కానీ డబ్బా బరువంతా నాలుగు చోట్లే చాసిస్ మీద పడుతుంది. మన లారీ చాసిస్‌ను బరువు పొడవునా పరుచుకుంటుందని లెక్కగట్టి చేశారు. పోట్లు పొడిచినట్టు నాలుగు చోట్ల మోపితే ఆ చోట్లలో ఛానల్‌కు బలం కట్టాలి, అడ్డ మెంబర్లు దగ్గరగా ఉండాలి.

మేం ఎంచుకున్నది మూడోది, స్ప్రింగ్ పద్ధతి. సబ్‌ఫ్రేమ్ పొడవునా ఛానళ్ల మీద ఆని ఉంటుంది, బరువు పరుచుకుంటుంది. వెనక, కమాన్ కట్టలు బిగుసుగా ఉన్న చోట, రెండు వైపులా కదలకుండా బిగించేస్తారు. ముందు సగంలో మాత్రం పొడుగాటి బోల్టు వేసి, దాని మీద గట్టి స్ప్రింగ్ ఎక్కించి నొక్కి బిగిస్తారు. సాపు రోడ్డు మీద స్ప్రింగ్ నొక్కుడుకు సబ్‌ఫ్రేమ్ చాసిస్‌కు అంటుకునే ఉంటుంది. చాసిస్ మెలితిరిగినప్పుడు ఒక వైపు ఛానల్ కిందికి దిగుతుంది, స్ప్రింగ్ ఇంకాస్త నొక్కుకొని, మధ్యలో సందు తెరుచుకుంటుంది. సాపు నేల మీదికి రాగానే మూసుకుంటుంది. పక్కకు జారకుండా ఛానల్ బయటివైపు గైడ్ ప్లేట్లు ఉంటాయి, పట్టాల మధ్య బల్ల జారినట్టు సబ్‌ఫ్రేమ్ వాటి మధ్య పైకీ కిందికీ మాత్రమే కదులుతుంది. బ్రేకు బలం, పక్క బలం స్ప్రింగుల మీద పడవు, వెనక బిగింపూ గైడ్ ప్లేట్లూ మోస్తాయి.

ఇందులో అందరూ చేసే తప్పు స్ప్రింగ్ ఎంపిక. మెత్తటిది పెడితే డబ్బా ఊగుతుంది. చుట్ల మధ్య సందు తక్కువున్నది పెడితే, సగం మెలికే చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుపోతాయి. అప్పుడు అది స్ప్రింగ్ కాదు, ఇనుప గొట్టం. మీరు చాసిస్‌కు బోల్టు బిగించినట్టే లెక్క. కావాల్సిన కదలిక ఎంతో ముందు కొలిచి, బిగించాక ఇంకా అంత ఖాళీ చుట్ల మధ్య మిగిలేలా చూసుకోవాలి.

ఇప్పుడు బ్రాకెట్ల దగ్గరికి వద్దాం. మేస్త్రీతో వాదన జరిగింది ఎక్కువగా ఇక్కడే, ఆయన నేర్పిందీ ఇక్కడే.

ఛానల్ మీద రంధ్రం ఎక్కడ వేయాలి? దూలం వంగినప్పుడు పై అంచూ కింది అంచూ ఎక్కువ బాధ పడతాయి, నడిమి భాగం దాదాపు ఊరికే ఉంటుంది. కాబట్టి పై రెక్కకూ కింది రెక్కకూ రంధ్రం వేయకూడదు, నిలువు గోడ నడుమే వేయాలి. కంపెనీ వేసిన రంధ్రాలు దొరికితే కొత్తవి అసలే వద్దు. చాసిస్‌కు నేరుగా వెల్డింగ్ చేయొద్దని లారీ కంపెనీల బాడీ బిల్డింగ్ పుస్తకాలు చాలావరకు చెబుతాయి. ఛానల్ ఉక్కు ప్రత్యేకంగా తయారైంది. వెల్డింగ్ వేడికి అతుకు పక్కన ఉక్కు గుణం మారిపోతుంది, పగులు సరిగ్గా ఆ గీత వెంట మొదలవుతుంది. మా బ్రాకెట్టు పగిలిందీ అతుకు చివరే. మొదట చేసిన షెడ్డువాళ్లు అతుకును రెక్క అంచు దాకా లాగి ఆపేశారు. ఇంకో మాట, కొత్త బండ్లలో ఎక్కడ వెల్డింగ్ చేసినా ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, ఎర్త్ క్లాంపు పని చేసే చోటికి దగ్గరగా పెట్టాలి. లేకపోతే కంట్రోల్ యూనిట్, అంటే బండి కంప్యూటర్, కాలిపోవచ్చు.

యూ బోల్టుల సంగతి మేస్త్రీకి నాకన్నా బాగా తెలుసు. మన దగ్గర లోడు లారీల తొట్లన్నీ యూ బోల్టుల మీదే నిలబడతాయి. సి ఛానల్ ఒక వైపు తెరిచి ఉంటుంది కదా, యూ బోల్టు గట్టిగా బిగిస్తే దాని రెక్కలు లోపలికి మూసుకుపోతాయి. అందుకని లోపల చెక్క దిమ్మ దూర్చి బిగిస్తారు. సైలెన్సర్ పైపు పక్కనైతే చెక్క కాలి బొగ్గవుతుంది, అక్కడ ఇనుప ముక్కే పెట్టాలి. "బొగ్గయినంక నట్టు దానంతటదే లూజయితది, డ్రైవర్ నన్నే తిడ్తడు" అన్నాడాయన. పరుచుకున్న సరుకుకు యూ బోల్టు చాలు. మీటరు ఎత్తున బరువున్న డబ్బాను అడవి దారిలో బ్రేకు వేసి ఆపడానికి మాత్రం అది ఒక్కటే చాలదు. డబ్బా జారకుండా చూసే ప్లేట్లు ఛానల్ గోడకు బోల్టులతో ఉండాలి.

ఆ బోల్టులు బరువును ఎలా మోస్తాయో తెలిస్తే ఎర్ర పొడి రహస్యం కూడా తెలుస్తుంది. బోల్టు కాడ మీద బరువు వేలాడుతుందని మనం ఊహించుకుంటాం. నిజానికి బోల్టు పని రెండు ప్లేట్లను గట్టిగా నొక్కి పట్టడమే, బరువును మోసేది ఆ ప్లేట్ల మధ్య రాపిడి. 12 మిల్లీమీటర్ల 8.8 గ్రేడు బోల్టును సుమారు 90 న్యూటన్ మీటర్ల టార్క్‌కు బిగిస్తే దాదాపు 3,700 కిలోల నొక్కుడు వస్తుంది. రాపిడి అందులో 15 శాతం అనుకున్నా ఒక్కో బోల్టు 550 కిలోలు జారకుండా పట్టుకుంటుంది. బిగింపు సగానికి పడిపోతే పట్టూ సగమే. ప్లేట్లు జారడం మొదలై, రుద్దుకొని, ఎర్ర పొడి రాలుతుంది. అప్పుడు బోల్టు నిజంగానే కాడ మీద బరువు మోస్తుంది, కొన్నాళ్లకు తెగుతుంది. ప్లేట్ల మధ్య దట్టంగా పెయింటు వేయకూడదన్నది కూడా ఇందుకే. పెయింటు నెమ్మదిగా నలిగి పలచబడుతుంది, ఆ మేరకు బోల్టు వదులవుతుంది. మా బండిలో ఆ బ్రాకెట్టు వెనక మూడు పూతల పెయింటు ఉంది. తళతళ మెరుస్తోంది.

బలానికి అదనపు ప్లేటు వేయాల్సిన చోట దాని చివర ఎలా కోశారన్నది మందం కన్నా ముఖ్యం. చతురస్రంగా కోస్తే ప్లేటు ఆగిన గీత దగ్గర ఛానల్ గట్టిదనం ఒక్కసారిగా పడిపోతుంది, మెలి అంతా ఆ గీత మీదే చేరుతుంది. తీగను పట్టకారుతో పట్టి వంచితే అది పట్టకారు అంచు దగ్గరే తెగుతుంది కదా. అందుకే ప్లేటు కొసను చేప తోకలా చీల్చి గానీ ఏటవాలుగా గానీ కోస్తారు. రెండు వైపులా ప్లేట్లు ఉంటే రెండూ ఒకే చోట ఆగకూడదు. సబ్‌ఫ్రేమ్ ముందు కొసకూ ఇదే నియమం, క్యాబిన్ వెనక చాసిస్‌లు పగిలేది ఎక్కువగా అక్కడే.

మౌంట్లు సరిచేశాక డబ్బా చాసిస్‌తో పాటు తిరగదు, క్యాబిన్ మాత్రం తిరుగుతుంది. 5 డిగ్రీల తేడాకు రెండు మీటర్ల ఎత్తున డబ్బా క్యాబిన్‌కన్నా 17 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. క్యాబిన్ నుంచి డబ్బాలోకి దూరే కిటికీ పెట్టుకున్నవాళ్లు మధ్యలో సాగే రబ్బరు తిత్తి పెట్టుకోవాలి. వైర్లకూ పైపులకూ కొంత మెత్తటి పొడవు వదలాలి. ఇది మర్చిపోతే మొదటి వాగులోనే గుర్తొస్తుంది.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. మోటారు క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. డబ్బా ఎక్కించక ముందే ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి అడగడం మేలు, ఎక్కించాక అడిగితే జవాబు నచ్చకపోవచ్చు.

పని పూర్తయ్యాక షెడ్డు వెనక ఖాళీ జాగాలో చూశాం. ముందు ఎడమ చక్రం కింద, వెనక కుడి చక్రం కింద పాత స్లీపర్ దిమ్మలు పేర్చి బండిని ఎక్కించాం. చాసిస్ మెలితిరిగింది. ముందు కుడివైపు సబ్‌ఫ్రేమ్‌కూ ఛానల్‌కూ మధ్య సందు మెల్లగా తెరుచుకుంది. టేపు పెడితే 38 మిల్లీమీటర్లు. మేస్త్రీ వంగి ఆ సందులోకి నాలుగు వేళ్లు పెట్టబోయి, మళ్లీ ఏమనుకున్నాడో వెనక్కి తీసుకున్నాడు. "ఇంత నోరు తెరుస్తదా! దీన్నేనా నేను ఎల్డింగ్ గొడ్తనన్నది" అన్నాడు. బావ వెనక్కి వెళ్లి తలుపు తీశాడు, వేశాడు, మళ్లీ తీశాడు.

నట్లన్నింటి మీదా నట్టు నుంచి ప్లేటు దాకా తెల్ల పెయింటుతో గీత గీశాం. నట్టు తిరిగితే గీత విరిగి కనపడుతుంది, పానా పెట్టి చూడనక్కర్లేదు. మొదటి 500 కిలోమీటర్ల తర్వాత, ఏటూరునాగారం దాకా పోయొచ్చి, మళ్లీ కిందికి దూరి చూశాను. పన్నెండు నట్లలో పది కదల్లేదు. రెండింటి గీత గింజంత తప్పింది. రెండూ కుడివైపువే, సరిగ్గా రెండు వందల లీటర్ల నీళ్ల ట్యాంకు కిందివి. ట్యాంకును మధ్యకు జరపాలంటే పడక విప్పాలి. బావ ఇంకా ఒప్పుకోలేదు.